బస్సు ఆపడం మరిచిపోయాక

పోయిన నెలలో మా డిపోలో పనిచేసే ఒక డ్రైవరు నన్ను కుళాయి దగ్గర పట్టుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"బావా, ఆ డాక్టరు దగ్గరికి నువ్వు ఎల్లేవు కదా. అక్కడ ఏటడుగుతారు? ఉజ్జోగం తీసెయ్యరు కదా?"

ఎవరి కోసమని నేను అడగలేదు. అతని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. "ఏటీ తీసెయ్యరు, ముందు ఎల్లు" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనిపించింది గానీ అతని బస్సుకు వేళైపోయింది. అప్పుడు చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతి. తప్పులుంటే మా అమ్మాయి హేమ దిద్దుతానంది. కొన్నిచోట్ల మాత్రం దిద్దను, అలాగే ఉండనీ అంది.

నా పేరు అప్పారావు. యాభై ఒకటి నడుస్తోంది. బస్సు తోలడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లు. అందులో ఎక్కువ భాగం అనకాపల్లి నుంచి బుచ్చయ్యపేట వెళ్లే రూటులోనే గడిచింది. ఏ మలుపులో గేదెలు అడ్డమొస్తాయో, చెరకు ట్రాక్టరు వెనక ఎంతసేపు ఓపిక పట్టాలో, ఏ స్టాపులో ఏ ముసలామె చెయ్యి ఎత్తుతుందో నాకు చూడకుండానే తెలుసు. అలాంటివాణ్ణి ఒకరోజు బస్సు ఆపడం మరిచిపోయాను. దానికి మూడు నెలల ముందు నా భార్య పార్వతి చనిపోయింది.

ఆగస్టులో ఆమెకు జ్వరం వచ్చింది. ఆ వానల్లో మా వీధిలో ఇంటికొకరు పడ్డారు, అందులో ఇదొకటి అనుకున్నాం. మూడోరోజు నీరసంగా ఉందంటే ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో చేర్చాం. నాలుగోరోజు పొద్దున్న డ్యూటీకి వెళ్లాలా మానాలా అని వార్డు గుమ్మంలో తచ్చాడుతుంటే ఆవిడే నన్ను తరిమింది.

"ఇక్కడ కూకుని నువ్వేటి చేత్తావు? హేమ ఉంది కదా. ఎల్లు ఎల్లు. బస్సు లేకపోతే పాపం ఆ జనం ఎండలో నిలబడిపోతారు."

ఆరోజు ఎండ కూడా లేదు. మబ్బు. నేను వెళ్లిపోయాను.

మధ్యాహ్నం రెండో ట్రిప్పు ముగించి డిపోలోకి బస్సు తిప్పుతుంటే గేటు దగ్గర మా బావమరిది నిలబడి ఉన్నాడు. నాకు అర్థమైంది. అర్థమైనా బస్సును లైన్లో పెట్టాను, హ్యాండు బ్రేకు వేశాను, రిజిస్టరులో టైము రాసి సంతకం పెట్టాను, ఆ తర్వాతే అతని దగ్గరికి వెళ్లాను. సంతకం చక్కగా, ఎప్పటిలాగే వచ్చింది. ఆ సంతకాన్ని తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

ఆసుపత్రివాళ్లు చేయగలిగింది చేశారు. వాళ్లను నేనేమీ అనను.

నేను ఏడవలేదు. స్మశానంలో ఏడవలేదు, పెద్దకర్మ రోజు కూడా ఏడవలేదు. వచ్చినవాళ్లు "గట్టి మనిషి, పిల్ల కోసం దిగమింగుకున్నాడు" అని చెప్పుకున్నారు. ఆ మాట విని నేనూ అదే అయ్యుంటుందనుకున్నాను. నిజానికి దిగమింగుకోవడానికి లోపల ఏమీ లేదు. ఏడుపు వస్తుందేమోనని స్నానం చేసేటప్పుడు తలుపేసుకుని కాసేపు నిలబడేవాణ్ణి. రాదు. నీళ్లు చల్లారిపోయేవి. చల్లారాయని కూడా నాకు తెలిసేది కాదు, హేమ తలుపు కొట్టి చెప్పేది.

పదిహేనోరోజున డ్యూటీలో చేరాను. పనిలో పడితే మామూలైపోతుందని అందరూ అన్నారు. పని బాగానే చేశాను. టైముకి తీసేవాణ్ణి, టైముకి చేర్చేవాణ్ణి. ఇంటికొచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. ముఖం మీద ఈగ వాలితే తోలబుద్ధి అయ్యేది కాదు.

హేమకి పంతొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. పొద్దున్నే వండిపెట్టి కాలేజీకి వెళ్లేది. "నాన్నా, కూర ఎలాగుంది?" అని అడిగేది. "ఊఁ" అనేవాణ్ణి. ఒకరోజు తను కావాలనే కూరలో ఉప్పు వేయలేదట. నేను కంచం ఊడ్చినట్టు తినేసి చెయ్యి కడుక్కున్నాను. ఆ పూట వంటింట్లో కూర్చుని ఏడ్చిందని ఈమధ్యే చెప్పింది. గోడకి ఇవతల నేనున్నాను. నాకు వినబడలేదు. వినబడిందేమో కూడా, చెప్పలేను.

ఎస్. రాయవరం నుంచి మా అక్క బంగారమ్మ వచ్చి ఇరవై రోజులు ఉండిపోయింది. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకు పెంచిన మనిషి. నాకు గాలి సోకిందని తనకి గట్టి నమ్మకం. నూకాలమ్మ గుడికి తీసుకెళ్లింది, తాయెత్తు కట్టించింది, వారానికి రెండుసార్లు దిష్టి తీసింది. వచ్చినవాళ్లందరినీ పట్టుకుని "నా తమ్ముడు ఏడవనేదమ్మా, ఆడిని ఎలాగైనా ఏడిపించండే" అని బతిమాలేది. ఆమె పద్ధతుల్ని నేను నవ్వులాటకి చెప్పడం లేదు. ఆ రోజుల్లో నా ఒంటిని తాకినవి ఆమె చేతులొక్కటే. కానీ ఒకనాడు అన్నాల దగ్గర, హేమ వడ్డిస్తుండగానే, "ఏడాది తిరిగితే ఎవుత్తినైనా సూసి ముడెట్టేత్తే మనిసి నిలబడతాడు" అంది. హేమ గరిటె గిన్నెలో పడేసి పెరట్లోకి వెళ్లిపోయింది. అక్క నా వైపు చూసింది. కూతుర్ని ఓదారుస్తాననో, అక్కని కేకలేస్తాననో చూసుంటుంది. నేను మజ్జిగ పోసుకున్నాను.

అక్క మర్నాడే బట్టలు సర్దుకుంది. "నా వల్ల కాదురా అప్పడూ" అని చెంగుతో కళ్లు తుడుచుకుని ఆటో ఎక్కింది.

నవంబరు. మధ్యాహ్నం రెండింటి ట్రిప్పు, బుచ్చయ్యపేట వైపు. ఆరోజు నా కండక్టరు నూకరత్నం. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, మాట తక్కువ, పని చురుకు. బస్సు నిండుగా ఉంది. సంతలో సరుకు అమ్మేసి ఖాళీ గంపలతో తిరిగి వెళ్తున్న ఆడవాళ్లు, విత్తనాల సంచులు, ఎవరో మోస్తున్న కొత్త పరుపు. బెల్లు మోగింది. విన్నాను. అది నాకు సంబంధించింది కాదనిపించింది. వీధిలో వేరెవరింటి తలుపో కొడుతున్నప్పుడు మనం లేవం కదా, అలా. స్టాపు వెళ్లిపోయింది. మళ్లీ బెల్లు. రెండోది వెళ్లిపోయింది. "హోల్డాన్, హోల్డాన్!" అని రత్నం కేక. జనం బస్సు రేకులు కొడుతున్నారు. నా కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఎదురొచ్చే బళ్లకు దారి ఇస్తున్నాను, గేర్లు మారుస్తున్నాను. ఆపడం అనే పని ఒకటుందని మాత్రం గుర్తులేదు. మూడోదీ వెళ్లిపోయింది.

రత్నం జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. అరవలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, చంటిపిల్లలతో మాట్లాడినట్టు అంది.

"అన్నా. ఎడం పక్కకి తియ్యి. మెల్లిగా. ఆఁ, అంతే. బ్రేకు."

తీశాను. బస్సు చెరకుతోట పక్కన ఆగింది. ఆమె ఇంజను ఆపించి తాళం తీసుకుంది.

"ఏటయ్యింది?"

"ఏటీ అవ్వలేదు" అన్నాను. అబద్ధం కాదు.

ఒకాయన నన్ను తాగుబోతన్నాడు. ఇంకొకాయన ఫోనులో ఫొటో తీయబోతే రత్నం ఆ ఫోనుకి అరచెయ్యి అడ్డంపెట్టింది. వెనకనుంచి ఒక పెద్దావిడ గంప ఈడ్చుకుంటూ తిట్టుకుంటూ వచ్చింది. "నా స్టాపు రెండు మైళ్ల ఎనకుండిపోనాది. ఇప్పుడీ గంపెట్టుకుని ఎవులు నడుత్తారు, నువ్వు నడుత్తావా..." అంటూ నా ముఖంలోకి చూసి, చటుక్కున నోరు మూసేసుకుంది. ఆమె పేరు పైడమ్మ. అప్పటికి నాకు తెలీదు.

రత్నం డిపోకి ఫోను చేసింది. ఇంకో డ్రైవరు వచ్చేలోగా మేమిద్దరం కల్వర్టు గోడమీద కూర్చున్నాం.

"మా అమ్మకి ఇలాగే మొదలయ్యింది అన్నా" అంది రత్నం, రోడ్డువైపు చూస్తూ. "నలుగురూ ఏటనుకుంటారోనని డాక్టరికి చూపించలేదు మేము."

"ఇప్పుడెలా ఉంది?"

"లేదు."

టికెట్ల మిషను ఒళ్లో సర్దుకుని "నువ్వు వెళ్లాలి. నేనూ వత్తాను" అంది.

హేమకి కబురందినట్టుంది, డిపోకి పరిగెత్తుకొచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. దెబ్బలేమీ లేవు. అప్పుడు అడిగింది:

"నాన్నా, బస్సుని ఎక్కడికి తీసుకెళ్దామనుకున్నావు?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఎక్కడికేంటి, బుచ్చయ్యపేటకే కదా, అన్నాను.

విశాఖపట్నంలో మనసు జబ్బులు చూసే పెద్దాసుపత్రికి వెళ్లాం. నేను, హేమ, రత్నం. అనకాపల్లివాళ్లెవరైనా చూస్తారేమోనని మాస్కు పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకున్నాను. పంతొమ్మిదేళ్లు అందరి ముందూ కూర్చుని బస్సు తోలినవాణ్ణి, ఆ వరండాలో స్తంభం వెనక బల్ల వెతుక్కున్నాను. తీరా చూస్తే ఎదురు బల్లమీద మా ఊరి బెల్లం వ్యాపారి ఒకాయన, ఆయనా మాస్కులోనే. ఒకరినొకరు గుర్తుపట్టాం. ఇద్దరం తలలు తిప్పేసుకున్నాం.

అక్కడ ఎదురుచూడటమే పెద్ద పని. పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. భయంకరంగా ఉంటుందనుకున్నాను. అరుపులు, గొలుసులు, అవేవో. అలాంటివేవీ లేవు. చీటీలు చేతిలో పట్టుకుని కునికిపాట్లు పడేవాళ్లు, ఫోను చార్జింగు ఎక్కడ పెట్టాలా అని చూసేవాళ్లు. నా పక్కన ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఒకాయన భార్యతో వచ్చి కూర్చున్నాడు. గోళ్లలో ఎర్రరంగు అలాగే ఉంది. ఆరు నెలలు చెక్క ముట్టుకోలేకపోయాడట, ఇప్పుడిప్పుడే మళ్లీ పనిలోకి వెళ్తున్నాడట.

"మొదటిసారా అండీ?" అన్నాడు.

తల ఊపాను.

"మరేటి బయ్యం నేదు. సూదులుండవు."

ఆయన భార్య సంచిలోంచి పులిహోర పొట్లం తీసి, మేం వద్దంటున్నా వినకుండా హేమ ఒళ్లో పెట్టింది. హేమ తిన్నది. పొద్దుటినుంచీ తను ఏమీ తినలేదని నాకప్పుడు తెలిసింది. తెలిసింది, అంతే. జాలి కలగలేదు.

డాక్టరమ్మ చిన్న వయసామె. నాకే బాధా లేదని చెప్పాను. "ఎన్నాళ్లనుంచి లేదు?" అని అడిగింది. అప్పటిదాకా అందరూ నీ బాధేంటని అడిగినవాళ్లే. నేను లెక్కపెట్టుకుని ఆగస్టునుంచి అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. జబ్బుకు ఉన్న పేరు చెప్పింది. ఏడుస్తూ ఉండేదే కాదు, ఏమీ తెలియకుండా మొద్దుబారిపోయేదీ ఆ జబ్బేనంది. మాత్రలు రాసింది. తను మళ్లీ కాగితం ఇచ్చేదాకా స్టీరింగు ముట్టుకోకూడదంది. చచ్చిపోవాలనిపిస్తుందా అని నేరుగా అడిగింది. లేదన్నాను. చావాలనీ లేదు, బతకాలనీ లేదు. ఏమీ లేదు. అది కూడా రాసుకుంది.

హేమని బయట కూర్చోమన్నారు. తనని ఆరోజు ఎవరూ ఏమీ అడగలేదు.

డిపోలో సెలవిచ్చారు. డిసెంబరంతా ఇంట్లోనే. మాత్రలకి నోరు ఎండిపోయేది, మధ్యాహ్నాలు మత్తుగా ఉండేది. అలాంటి ఒక బుధవారం గేటు చప్పుడైంది.

"డ్రైవరు బాబు ఇల్లు ఇదేనేటి?"

గంప దించుతూ పైడమ్మ. రత్నం చిరునామా చెప్పిందట. నన్ను పరామర్శించడానికి వచ్చిందేమోనని విసుగొచ్చింది. ఆమె అలాంటిదేమీ చేయలేదు. వీధరుగు మీద చతికిలబడి కాళ్లు చాపుకుంది.

"నువ్వు నాతో మాటాడక్కర్నేదు. కూరలు పదకొండుకల్లా అయిపోతాయి. నా బస్సు రెండింటికి. స్టాండులో కూకుంటే నడుం పడిపోతంది. ఈడైతే నీడగున్నాది."

కూర్చుంది. గంప అడుగున మిగిలిన చిక్కుడుకాయలు ఒలుచుకుంది. రెండవుతుంటే లేచి వెళ్లిపోయింది. ఒలిచిన గింజలు గిన్నెలో పెట్టి వెళ్లింది. తర్వాతి బుధవారం మళ్లీ వచ్చింది. ఆ పై బుధవారం కూడా. మూడోసారో నాలుగోసారో కాయల చాట నా వైపు తోసింది. నేనూ ఒలవడం మొదలుపెట్టాను.

"నువ్వీ రూటులోకొచ్చిన కాడినుంచీ నీ ఈపే సూసేను బాబూ" అంది ఒకసారి. "మొకం సూసింది ఆ రోజే. ఇంత మొకం పెట్టుకుని ఇన్నాళ్లూ బస్సెలా తోలేడు ఈ నాయన, అనుకున్నాను."

ఆమె పెద్దకొడుకు చెరకుతోటలో పాము కరిచి పోయాడు. ఏడేళ్లయింది. చెప్పేటప్పుడు చేతులు ఆపలేదు. "ఆ ఏడాది నానూ నీలాగే. గేదిని పితికీదాన్ని, ఆ పాలేటి చేసేనో నాకే తెలీదు."

"ఎలా తగ్గింది?" అన్నాను. సెలవులో ఇంట కూర్చున్నాక నేనై నేను ఒక మనిషిని అడిగిన మొదటి సంగతి అదే.

"తగ్గిందని ఎవులు సెప్పేరు?" అంది. "మా తోటికోడలు రోజూ వచ్చి కూకునీది. నాకూ దానికీ పడదు. దెబ్బలాడుకునీవోలం. మజ్జానం దాకా దానితో దెబ్బలాటకే సరిపోయీది."

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. దీనికోసమే అయినా ఈ కాగితాలు ఎవరైనా చదవాలి. జనవరి చివరికి కొంచెం తేలికైంది. పొద్దున్నే లేస్తున్నాను, గడ్డం గీసుకుంటున్నాను. జీతం కాగితాల కోసం డిపోకి వెళ్తే ఒకాయన "ఆ మాత్రలు అలవాటైపోతాయి బావా, మానెయ్" అన్నాడు. మంచికే చెప్పాడు. నాకు తగ్గిపోయిందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా మానేశాను. మాత్రల అట్టలు పరుపు కింద తోసేశాను. పది పన్నెండు రోజులు బాగానే ఉంది. తర్వాత పడిపోయాను. మొదటిసారి కంటే లోతుగా. గోడవైపు తిరిగి పడుకుంటే సాయంత్రమయ్యేది. పైడమ్మ వచ్చి అరుగుమీద కూర్చుని వెళ్లిపోయేది, నేను లేవలేదు.

హేమ పరుపు దులపబోయి అట్టలు చూసింది. అంతకుముందెప్పుడూ నా మీద గొంతెత్తని పిల్ల. వాటిని నా ముఖాన విసిరింది.

"కావాలనే చేస్తన్నావు నువ్వు! నన్ను శిక్షించడానికే చేస్తన్నావు!"

శిక్ష ఏమిటి, ఎందుకు? తను తలుపు దడాలున వేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం రత్నం వచ్చింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "అన్నా, హేమ డిసెంబరునుంచీ కాలేజీకి వెళ్లట్లేదు. నీకు తెలుసా?" అని అడిగింది.

తెలీదు. ఒకే ఇంట్లో ఉంటున్నాను. పొద్దున్న తను వండిపెట్టడం, నేను తినడం, అంతవరకే చూశాను. తర్వాత ఆ పిల్ల ఎక్కడికి వెళ్తోందో, వెళ్లడం లేదో, ఏ గదిలో ఉంటోందో నేను చూడలేదు.

మళ్లీ విశాఖపట్నం. మళ్లీ అదే వరండా. డాక్టరమ్మ కోప్పడలేదు. చెప్పకుండా మానేసినవాళ్లలో నేను మొదటివాణ్ణీ కాదు, ఆఖరివాణ్ణీ కాదంది. మాత్రలు మళ్లీ మొదటినుంచి. తర్వాత అడిగింది:

"మీ ఆవిడ పోయినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"మా అమ్మాయి."

"ఒక్కర్తేనా?"

"ఒక్కర్తే."

"ఆ రోజు ఏం జరిగిందో తనని ఎప్పుడైనా అడిగారా?"

ఫ్యాను తిరుగుతోంది. కాగితాలు కొట్టుకుంటున్నాయి. నేను లేదన్నాను.

అడగాలని తెలిశాక కూడా అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. రోజూ అనుకునేవాణ్ణి. అన్నం దగ్గర అనుకునేవాణ్ణి, తను ముగ్గు వేస్తుంటే అనుకునేవాణ్ణి. మార్చిలో ఒక మధ్యాహ్నం, హేమ ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడతపెడుతోంది. నేను వెళ్లి ఆ చివర కూర్చుని ఒక తువ్వాలు తీసుకున్నాను.

"అమ్మా, ఆ రోజు ఆస్పత్రిలో ఏం జరిగిందో చెప్తావా?"

తను నావైపు చూడలేదు. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టింది. చెప్పదనుకున్నాను. తర్వాత మొదలుపెట్టింది.

పొద్దున్న బాగానే ఉందట. కొబ్బరినీళ్లు తాగిందట, వార్డులో ఎదురు మంచం ఆవిడతో పచ్చళ్ల గురించి మాట్లాడిందట. పదకొండు దాటాక చేతులు చల్లబడ్డాయి. నర్సులు అటూ ఇటూ పరిగెత్తడం మొదలుపెట్టారు. హేమ ఫోను తీసి నా పేరు నొక్కింది.

"అమ్మ చూసింది నాన్నా. ఫోను లాక్కుంది. 'నాన్నకి చెయ్యకు. బస్సు తోలతా ఉంటాడు, కంగారులో ఎక్కడైనా గుద్దేత్తాడు, బస్సు నిండా జనం ఉంటారు. ట్రిప్పు అయ్యాక చెప్దువుగాని' అంది. రెండుసార్లు అంది. నేను కట్ చేసేసేను. మావయ్యకి చేసేను. మావయ్య డిపో దగ్గర ఉంటానన్నాడు."

చొక్కా గుండీలు పెడుతోంది, తీస్తోంది.

"గంటన్నర, నాన్నా. నేను చేసుంటే నువ్వు వచ్చేసేవాడివి. అమ్మ ఉండగా చూసేవాడివి. నా వల్లే నువ్వు చూడలేదు. తర్వాత నువ్వు నాతో మాట్లాడటం మానేసేవు. అందుకేననుకున్నాను. ఆ రోజు బస్సు ఆపకుండా వెళ్లిపోయేవని ఫోనొస్తే, నా మీద కోపంతోనే ఏదో చేసుకోబోయేవనుకున్నాను."

ఏడు నెలలు ఆ పిల్ల అలా అనుకుంటూ నాకు అన్నం పెట్టింది.

"నువ్వు ఫోను చెయ్యబోయేవనే నాకు తెలీదమ్మా" అన్నాను. "నీమీద నాకే కోపమూ లేదు. ఒక్క నిమిషం లేదు."

"మరెందుకు మాట్లాడలేదు?"

చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టాను.

"రాలేదమ్మా. ఎవరితోనూ రాలేదు. లోపలేమీ లేదు మాట్లాడ్డానికి."

నన్ను చాలాసేపు చూసింది. నమ్మాలా వద్దా అని చూసింది. తర్వాత చేతిలో ఉన్న చొక్కాతో నా భుజంమీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఏడుస్తూ కొడుతోంది. నేను కదల్లేదు. నాకు ఏడుపు రాలేదు. కానీ దెబ్బ తగులుతున్నట్టు తెలిసింది. భుజం మంటపుట్టింది. ఆ మంట పుట్టడం నాకు బాగుందనిపించింది, ఇంతకంటే సరిగా రాయడం నాకు రాదు.

తర్వాత అంతా ఒక్కసారి బాగైపోలేదు. ఏప్రిల్‌లో ఆసుపత్రికి వెళ్లినప్పుడు చీటీ హేమ పేరుమీద రాయించాం. తనకి మాత్రలు ఇవ్వలేదు, మూడు నాలుగుసార్లు పిలిచి మాట్లాడారు. తను లోపలున్నంతసేపూ నేను బయట బల్లమీద కూర్చునేవాణ్ణి, తువ్వాలు చుట్టుకోకుండా. బెల్లం వ్యాపారి మళ్లీ కనబడ్డాడు. ఈసారి నేనే వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన మాస్కు కిందికి లాగి "ఎండలు మండిపోతున్నాయండీ" అన్నాడు. అవునన్నాను. హేమ పోయిన పరీక్షలు కొన్ని రాసింది, కొన్ని మిగిలాయి. అక్క మామిడిపళ్లతో వచ్చి, నా తాయెత్తు ఇంకా మొలకే ఉండడం చూసి, దానివల్లే తగ్గిందని తేల్చేసింది. మేమెవరం కాదనలేదు.

కొన్ని రోజులు ఇప్పటికీ మొద్దుబారిపోతాయి. అలాంటప్పుడు హేమకి చెప్తాను, "ఇవాళ రావట్లేదమ్మా" అని. తను "సరే" అంటుంది. చెప్పడమొక్కటే తేడా.

జూలైలో డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. డిపోలో పరీక్షించారు, కళ్లు చూశారు, సీనియర్ ఒకాయన పక్కన కూర్చుని వారం రోజులు నాచేత బస్సు తోలించాడు. ఆ తర్వాత మళ్లీ నా రూటు. కండక్టరుగా రత్నం తనే అడిగి వేయించుకుంది.

మొదటిరోజు పొద్దున్న స్టాండులో బస్సు పెట్టేసరికి హేమ వచ్చి ఎక్కింది. కాలేజీ సంచి లేదు. నా వెనక సీటులో కూర్చుంది.

"ఎక్కడికి?" అంది రత్నం టికెట్ల మిషను పట్టుకుని.

"చివరిదాకా. మళ్లీ వెనక్కి."

దారంతా ఏవేవో మాట్లాడింది. లెక్చరర్ల గురించి, పక్కింటి కుక్క గురించి. నేను ప్రతి స్టాపులో ఆపాను. బుచ్చయ్యపేటలో పావుగంట ఆగుతుంది బస్సు. దిగి టీ దుకాణం దగ్గరికి వెళ్లాం. గ్లాసు అందుకుని ఊదుకుంటూ, చుట్టూ చూస్తూ అడిగింది:

"నాన్నా, అమ్మ ఎప్పుడైనా ఇక్కడిదాకా వచ్చిందా నీ బస్సులో?"

నేను రోజూ తాగే టీ ఎలా ఉంటుందని పార్వతి అడుగుతూ ఉండేది. ఒకరోజు తీసుకెళ్దువుగాని, ఊరికే, వెళ్లిరావడానికి, అనేది. చూద్దాంలే అనేవాణ్ణి.

"లేదమ్మా" అన్నాను. "తీసుకురాలేదు."

టీ వేళ్లమీద ఒలికింది. జనం మధ్యన, పట్టపగలు, ఖాకీ చొక్కాలో నిలబడి నేను ఏడ్చాను. ఏడుపు రావాలని నేను ఎదురుచూసిన రోజుల్లో అది ఇంత గట్టిగా ఉంటుందని అనుకోలేదు. హేమ నా చేతిలో గ్లాసు తీసుకుని బల్లమీద పెట్టి, నా వీపుమీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఏడవకు అనలేదు.

టైమైపోయింది. రత్నం మెట్టుమీద నిలబడి ఒకసారి మావైపు చూసి, విజిల్ జేబులో పెట్టుకుని, లోపలికి వెళ్లి కూర్చుంది. పైడమ్మ కిటికీలోంచి చూస్తోంది. ఇంకా చాలామంది చూస్తున్నారు.

నేను ముఖం కడుక్కుని వచ్చాక రత్నం ఒక్కమాట అడిగింది. "తోలగలవా అన్నా?"

"తోలగలను."

ఆ ట్రిప్పు పన్నెండు నిమిషాలు లేటుగా బయల్దేరింది. బస్సు నిండా మనుషులున్నారు. ఎందుకు లేటైందని ఒక్కరూ అడగలేదు.